డబ్బాతో చెప్పుకున్న మాట

మా ఆయన యేసుకుమార్ ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. ఫైళ్ల మధ్య ముప్పొద్దులా కూర్చునే మనిషికి కొత్త వస్తువు కనిపిస్తే చాలు, పిల్లాడికి రంగులరాట్నం కనపడినట్టే. ఈసారి మాట్లాడే స్పీకరు తెచ్చారు. బెల్లం అచ్చంత ఉంటుంది. దానికో ఆడపేరు. ఆ పేరు పెట్టి పిలిస్తే నీలం లైటు వెలుగుతుంది, అడిగిందానికి జవాబు చెబుతుంది. పొద్దున్నే లేచి కాఫీ కూడా తాగకముందే ఆయన పరాయి ఆడపేరు అంత ముద్దుగా పిలుస్తుంటే నాకు ఒళ్లు మండదా మరి. అందుకే నేను దాన్ని పేరు పెట్టి పిలవలేదు. డబ్బా అనేదాన్ని.

"భక్తిపాటలు వేసుకోవచ్చు స్టెల్లా, నీకోసమే తెచ్చాను" అన్నారాయన. నాకోసం తెచ్చిన వస్తువుల్ని ఆయనే వాడుకోవడం మా ఇంట్లో మామూలే. దాన్ని హాల్లో ఫ్రిజ్ మీద పెట్టి, ఏవో నొక్కి, తన ఫోన్‌తో కలుపుకున్నారు.

కానీ ఆ డబ్బాతో ఎక్కువ మాట్లాడింది ఆయన కాదు, నేనూ కాదు. దీవెన.

పటమటలో మా మేడ మీద వాటాలో దీవెన, జాన్‌బాబు అద్దెకుంటున్నారు. అతనికి ఆటోనగర్‌లో ఉద్యోగం. దీవెన ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. రెండోసారి కూడా కడుపు నిలవకపోయాక ఆ ఉద్యోగం మానేసింది. పైన స్లాబు వేడి భరించలేక మధ్యాహ్నాలు కిందకొచ్చి మా హాల్లో పడుకునేది. నాకు కూతుళ్లు లేరు. ఆ పిల్ల వస్తే ఇల్లు నిండుగా ఉన్నట్టుండేది.

ఒకరోజు నేను చేపల పులుసు తాలింపు వేస్తుంటే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని బాత్రూంలోకి పరుగెత్తింది. బయటికొచ్చాక నా మొహం చూసి, నేనేమీ అడగకముందే రెండు చేతులూ పట్టుకుంది.

"ఆంటీ, మూడో నెల. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. మా అత్తయ్యకి మాత్రం చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను."

వాళ్ల అత్తగారు సువార్తమ్మగారు కంకిపాడులో ఉంటారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం సంచీలో ఆకుకూరో, సొరకాయో వేసుకుని బస్సెక్కి మా ఇంట్లో జరిగే స్త్రీల ప్రార్థనకి వస్తారు. మంచి మనిషి. ఎవరికి జ్వరం వచ్చిందన్నా చారన్నం కట్టుకుని వెళ్లే రకం. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అది దుర్బుద్ధితో కాదు. ప్రార్థన చేయించాలని. మా దగ్గర పద్ధతి అది. కూడిక మొదట్లో ఒక్కొక్కరూ లేచి ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఫలానావాళ్ల అబ్బాయికి ఉద్యోగం, ఫలానావాళ్ల అల్లుడు తాగుడు మానాలి, అన్నీ పేర్లతో సహా. తర్వాత అందరూ కొంగులు కప్పుకుని ఆ పేర్లన్నీ దేవుడికి వినిపించేలా పైకే ప్రార్థిస్తారు. దేవుడికంటే ముందు వీధికి వినపడుతుందనుకోండి, అది వేరే సంగతి.

దీవెన మొదటిసారి నెల తప్పినప్పుడు ఆ శుక్రవారమే సువార్తమ్మగారు మనవి పెట్టారు. "తండ్రీ, నీ కుమార్తె గర్భాన్ని జ్ఞాపకం చేసుకో" అని మేమందరం గొంతెత్తాం. కంకిపాడు సంఘం, మా సంఘం, వాట్సాప్ గ్రూపులు, అన్నిట్లో ఆ పిల్ల పేరే. రెండోసారీ అంతే. రెండుసార్లూ పోయింది. పోయాక అదే జనం వరసపెట్టి వచ్చారు. ఏం తిన్నావు, బరువులెత్తావా, స్కూటీ ఎక్కావా అని అడిగారు. ఒకావిడైతే విశ్వాసం తక్కువైతే ఇలాగే జరుగుతుందని మొహం మీదే అనేసి, కాఫీ తాగి వెళ్లింది.

"వాళ్లందరూ నాకోసం ప్రార్థన చేశారుగా ఆంటీ. అందుకని వాళ్లందరికీ నేను సంజాయిషీ ఇచ్చుకోవాల్సొచ్చింది. ఈసారి పోతే పోనివ్వండి. నేనూ మా ఆయనా ఏడుస్తాం. అంతే. ఇంకెవరికీ తెలియకూడదు" అంది దీవెన.

నేను మాటిచ్చాను.

ఆ తర్వాత గమనించాను, నేను వంటింట్లో ఉన్నప్పుడు దీవెన ఫ్రిజ్ దగ్గరికెళ్లి డబ్బాతో గుసగుసలాడేది. దానికి తెలుగు అంతంతమాత్రం. ఇంగ్లీషులో అడిగేది. ఏం అడుగుతోందో నాకు అర్థమయ్యేది కాదు, అర్థం చేసుకోవాలనీ అనుకోలేదు. "నీ ఫోన్ ఉందిగా, అందులో చూసుకోకూడదా" అంటే, "మా ఆయన ఫోన్, నా ఫోన్ మా అత్తయ్య కూడా చూస్తారు ఆంటీ, వీడియోలు పెట్టమని అడుగుతారు, అప్పుడు బయటపడుతుంది" అంది దీవెన. "దీనికైతే అడిగేస్తే అయిపోతుంది. ఇది ఎవరికీ చెప్పదు. నన్ను జాలిగా చూడదు."

నిజమే కదా అనుకున్నాను నేను కూడా. గాల్లోకి అన్నమాట గాల్లోనే పోతుందనుకున్నాను.

ఒక గురువారం నుంచి మా ఆయన వాలకం మారింది. కాఫీ ఆయనే కలిపి మంచం దగ్గరికి తెచ్చారు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయనకి పంచదార డబ్బా ఎక్కడుంటుందో తెలుసని నాకు ఆరోజే తెలిసింది. బట్టలు నేనే ఉతుక్కుంటాను, నువ్వు వంగకు అన్నారు. నా మొహంలోకి చూసి గబుక్కున తల తిప్పుకున్నారు. ఏమైందండీ అంటే ఏం లేదు అన్నారు. ఆఫీసులో ఏదో వెలగబెట్టి ఉంటారు, నెమ్మదిగా బయటికొస్తుందిలే అని ఊరుకున్నాను.

మర్నాడు శుక్రవారం. హాల్లో చాపలు పరిచి కూర్చున్నాం. సువార్తమ్మగారు గోంగూర కట్టలు వంటింట్లో పెట్టొచ్చి నా పక్కనే కూర్చున్నారు. దీవెన గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని ఉంది, మొహం పాలిపోయి. పాట అయిపోయి మనవులు చెప్పుకునే వేళకి మా ఆయన లోపలికొచ్చారు. స్త్రీల ప్రార్థనకి ఆయనెప్పుడూ రారు. ఆఫీసుకి సగం పూట సెలవు పెట్టి వచ్చినట్టున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాదొక మనవి ఉందండి" అన్నారు నిలబడే. "నా భార్య కోసం. తను నాకు చెప్పట్లేదు. ఆ స్పీకర్‌ని ఎవరేం అడిగినా నా ఫోన్‌లో రాసుంటుందండి. ఆ సంగతి నాకు మొన్ననే తెలిసింది, ఆఫీసులో కుర్రాడు చూపించాడు. తీసి చూస్తే... బ్లీడింగ్ అవుతోందని అడిగింది. ప్రమాదమా కాదా అని మళ్లీ మళ్లీ అడిగింది. ఈ వయసులో అలా అయితే ఏంటో నాకు తెలుసండి. మా మేనత్త అలాగే పోయింది." జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

నేను డబ్బాని పాటలు కూడా అడగను. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు దీవెన వైపు చూశాను. ఆ పిల్ల గోడని పట్టుకుని, వద్దు వద్దు అన్నట్టు తల ఊపుతోంది. బ్లీడింగ్ సంగతి నాకు కూడా చెప్పలేదు.

నేను కాదంటే, మరి ఈ ఇంట్లో ఎవరు అడిగినట్టు? ఇంటికొచ్చే ఆడపిల్ల ఒక్కతే. సువార్తమ్మగారు అప్పుడే చూపు అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టారు. ఆవిడకి లెక్క కుదరడానికి ఎంతోసేపు పట్టదు.

"ప్రార్థన చేయండి" అన్నాను నేను. అంతే అన్నాను. అబద్ధమైతే ఆడలేదు.

ఇంక చూడండి. చుట్టూ చేరి నా తల మీద, భుజాల మీద చేతులు పెట్టారు. ఒకావిడ కొబ్బరినూనె తెచ్చి నా నుదుటికి రాసింది. అందరికంటే గట్టిగా సువార్తమ్మగారి గొంతు. "నీ దాసురాలిని ముట్టు తండ్రీ" అని ఆవిడ ఏడుస్తుంటే ఆవిడ కన్నీళ్లు నా మెడ మీద పడ్డాయి. మా ఆయన మూల నిలబడి వెక్కుతున్నారు. నాకు కోపం, నవ్వు, భయం అన్నీ కలిసొచ్చాయి. కళ్లు తెరిచి చూస్తే ఆ గదిలో కళ్లు మూసుకోనిది మేమిద్దరమే, నేనూ దీవెనా.

అందరూ వెళ్లగానే మేడ మెట్లెక్కాను. దీవెన మంచం మీద కూర్చుని ఉంది.

"నేను అడిగినవన్నీ అంకుల్ ఫోన్‌లో ఉన్నాయా ఆంటీ? అన్నీనా?"

"అది తర్వాత చూద్దాం. రక్తం ఎప్పటినుంచి?"

"మొన్నటినుంచి. కొంచెమే."

"డాక్టర్‌కి చెప్పావా?"

"వెళ్తే పోయిందని చెప్తారు. వెళ్లకపోతే ఇంకా ఉన్నట్టే కదా అని..."

తిట్టాలనిపించింది. దగ్గరికి లాక్కున్నాను. చీర మార్చుకునే ఓపిక కూడా లేక, నుదుటి మీద నూనెతోనే ఆటో పిలిచి సూర్యారావుపేటలో దీవెన చూపించుకునే లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. దారంతా ఆ పిల్ల నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. స్కానింగ్ గదిలో నన్ను కూడా రానిచ్చారు. డాక్టర్ ఏదో బటన్ నొక్కింది. టకటకమని శబ్దం. లోపలి బిడ్డ గుండె. పక్కన చిన్న రక్తపు గడ్డ ఉంది, చాలామందికి దానంతటదే కరిగిపోతుంది, మందులు వాడి విశ్రాంతి తీసుకో, ఇంకోసారి ఇలా కనపడితే ఆ నిమిషమే రావాలి అని కేకలేసింది. దీవెన ఆ కేకలు వింటూ నవ్వుతోంది. నాకు ఏడుపాగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను. "మీ అంకుల్‌కి చెప్పొచ్చా?"

"సగం చదివేశారుగా. మిగతా సగం కూడా చెప్పండి" అంది.

ఇంటికొచ్చి వంటింటి తలుపు దగ్గరికేసి చెప్పాను. ఆయన ముందు కుర్చీలో కూలబడ్డారు. "నీకేం లేదా? నిజంగా ఏం లేదా?" అని అడిగి, దేవుడికి స్తోత్రం చెప్పుకుని, ఆ తర్వాత తానేం చేశారో అర్థమై తల పట్టుకున్నారు.

"నన్ను అడగాలనిపించలేదా? సంఘానికి చెప్పేముందు పెళ్లాన్ని అడగరా ఎవరైనా?"

"భయమేసింది స్టెల్లా. నువ్వు అవునంటావేమోనని."

"గొంతు కూడా వినొచ్చట కదా అందులో. విని ఉంటే నేను కాదని తెలిసేది."

"అక్కడ నొక్కితే వినపడుతుంది. నువ్వు భయపడుతూ మాట్లాడటం వినలేననిపించింది. అయినా అది చెప్పబట్టే కదా ఆ పిల్ల డాక్టర్ దగ్గరికెళ్లింది" అని గొణిగారు.

"అది చెప్పలేదండీ. మీరు చదివారు. ఆ పిల్ల మీకు చెప్పలేదు, మీరు చదివారు. మంచి జరిగింది కాబట్టి సరిపోయింది. సువార్తమ్మగారికి అక్కడే తెలిసిపోయి ఉంటే?" అన్నాను. ఆయన తలూపారు. మా ఆయనలో నాకు నచ్చే గుణం అదే, తప్పని తెలిస్తే వాదించరు.

సాయంత్రం ఇద్దరం పైకెళ్లాం. జాన్‌బాబు పని నుంచి వచ్చేసి ఉన్నాడు, అప్పటికే అంతా తెలుసు. మా ఆయన ఫోన్ తెరిచి దీవెన చేతిలో పెట్టారు. "ఇవి నీ మాటలమ్మా. నా దగ్గర ఉండకూడదు. నేను తీసేస్తే తీశానో లేదోనని నీకు అనుమానం ఉంటుంది. నువ్వే తియ్యి."

దీవెన ఒకటి నొక్కింది. మా వంటింట్లో కుక్కర్ విజిల్, దాని ముందు ఆ పిల్ల గొంతు, చాలా సన్నగా. బొప్పాయి ముక్క తెలియక తిన్నాను, ఏమైనా అవుతుందా అని ఇంగ్లీషులో. డబ్బా ఏదో చెప్పింది. ఆ తర్వాత దీవెన "థాంక్యూ" అంది. ఇంకోటి నొక్కితే, జవాబు తెలియదంది డబ్బా. దానికీ "థాంక్యూ" అంది.

"ఇంత భయపడుతూ మాట్లాడానా నేను" అంది దీవెన. జాన్‌బాబు వినలేక బాల్కనీలోకి వెళ్లిపోయాడు. అన్నీ ఒకేసారి తీసేసే వీలుంది, మా ఆయన చూపించారు కూడా. ఆ పిల్ల వినలేదు. ఒక్కొక్కటే చదివి, ఒక్కొక్కటే తీసేసింది. ఆ తర్వాత డబ్బా ఇంక మాటలేవీ దాచుకోకుండా ఉండే ఏర్పాటు ఉందని మా ఆయన వెతికి పట్టుకుని అది కూడా నొక్కారు. కొన్న రోజున చూడాల్సింది, కానీ కొన్న రోజున ఎవరు చూస్తారు.

దీవెన పని అయింది. నా పని అప్పుడే మొదలైంది. ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంది. మెంతుల నీళ్లు తాగమని ఒకరు, మైలవరంలో ఒక దైవజనుడున్నాడు ఆయన దగ్గరికెళ్లమని ఒకరు. ఒకావిడ గొంతు తగ్గించి, డాక్టర్లు ఎంత కాలం ఉందన్నారు వదినా అని అడిగింది. కూరగాయల బండి దగ్గర నన్ను చూసి ఇద్దరు మాటలాపేశారు. పైగా ప్రేమగా ఉంటారు, తిట్టడానికి లేదు. నేను బండరాయిలాంటిదాన్ని, లేని జబ్బుకి నాకే ఊపిరాడలేదు. నిజంగా కడుపు పోగొట్టుకుని ఆ పిల్ల రెండుసార్లు ఇదంతా ఎలా తట్టుకుందో అనుకుని, ఆ గొంతుల్లో నాదీ ఒకటుందని గుర్తొచ్చి సిగ్గేసింది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. సువార్తమ్మగారు లోపలికొచ్చారు. ఆవిడ బుగ్గలు లోపలికి పోయాయి. నాకోసం మూడు రోజులు ఉపవాసం ఉన్నారట. "నీ మొహం తేటగా ఉందమ్మా, దేవుడు విన్నాడు" అంటూ నా గడ్డం పట్టుకున్నారు. లేని జబ్బు కోసం ఆ పెద్దావిడ పస్తులున్నారు. రిపోర్టులు బాగున్నాయని చెప్పేసి ఈ కథకి ముగింపు పలకాలని నేను లేచాను.

"ఆంటీ, మీరు కూర్చోండి" అంది దీవెన.

నాలుగో నెల వచ్చినా చున్నీ మాటున ఇంకా ఏమీ తెలియడం లేదు. ఆరోజు కూడా గుమ్మం దగ్గరే కూర్చుంది, డాక్టర్ చెప్పినట్టు దిండు ఆనుకుని. ఈ వారం కూడా సెలవు పెట్టి వచ్చిన మా ఆయన వైపు చూసి, "అంకుల్, ఆ వైరు తీసేయండి" అంది. ఆయన వైరు పీకి డబ్బాని పడకగదిలో పెట్టొచ్చారు.

"పోయిన వారం అంకుల్ చదివింది నా మాటలు" అంది దీవెన. "ఆంటీకి ఏ జబ్బూ లేదు. నాకోసం మీ అందరి చేతా ప్రార్థన చేయించుకున్నారు. నాకు నాలుగో నెల. ఇన్నాళ్లూ దాచాను. ఇప్పుడు నా అంతట నేను చెప్తున్నాను. కానీ నాదొక మనవి. నా పేరు పైకి ఎత్తకండి. గ్రూపుల్లో పెట్టకండి. ఏదైనా జరిగితే నేను పిలిచేదాకా ఎవరూ రాకండి. మనసులో ప్రార్థన చేయండి చాలు."

అంతకుముందు విశ్వాసం తక్కువని దీవెనని అన్న ఆవిడ తల వంచుకుని చాప ఈనె లాగుతూ కూర్చుంది. సువార్తమ్మగారు మాత్రం కోడలి వైపే చూస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే మీరు మనవి పెడతారుగా అత్తయ్యా."

"పెట్టకపోతే ఎట్టాగమ్మా? నాకింకేం చేతనవును?" అన్నారావిడ. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగారు. చీర కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, "నీ గురించి అందరికీ చెప్తే ఎక్కువమంది అడుగుతారని. ఎక్కువమంది అడిగితే ఆయన కాదనలేడని. అంతేనమ్మా" అన్నారు.

"తెలుసత్తయ్యా. మీరొక్కరు అడగండి. మీరడిగితే చాలు."

కొంగులు కప్పుకున్నాం. మా ఇంట్లో కూడిక మొదలైన తర్వాత అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. ఫ్యాను చప్పుడు, బయట పాత సామాన్లవాడి కేక. ఒకరిద్దరికి అలవాటు కొద్దీ గొంతు పైకొచ్చి మళ్లీ దగ్గులోకి దిగింది. నేను ఓరకంట చూశాను. సువార్తమ్మగారు పెదాలు గట్టిగా బిగించుకుని ఉన్నారు. లోపలున్నదంతా బయటికి రాకుండా పట్టుకోవడానికి ఆవిడ మొహమంతా కష్టపడుతోంది. కళ్లలోంచి మాత్రం ధారగా కారుతోంది. ఆవిడ చేసిన ప్రార్థన ఏమిటో మాలో ఎవరికీ తెలియదు.

అందరం ఆమెన్ అన్నాక కూడా ఆవిడ లేవలేదు. చాప మీద పాక్కుంటూ కోడలి దగ్గరికెళ్లారు. చెయ్యి చాపారు. పోయిన రెండుసార్లూ ఆవిడ రాగానే ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసేసి, పదిమంది చేతా వేయించిన మనిషి. ఈసారి ఆ చెయ్యి మధ్యలోనే ఆగింది.

"పెట్టనామ్మా?" అని అడిగారు.

దీవెన ఆ చెయ్యి వైపు చూసింది. ఆవిడ చెయ్యి అలాగే చాపి ఉంచి, ఆ పిల్ల సరే అనేదాకా కాచుకుని కూర్చున్నారు.